చిన్నాన్నకు 43, తాతయ్యకు 78. ఇద్దరికీ మెదడులో రక్తస్రావమే, కారణం ఒకటేనా?

విభాగం: ఆరోగ్యం » శ్రీకాకుళం, విజయనగరం

ఉద్దానం_కుర్రోడు (కవిటి, ప్రస్తుతం హైదరాబాద్)

అందరికీ నమస్కారం. మా చిన్నాన్నది కొబ్బరికాయల వ్యాపారం, వయసు 43. పోయిన వారం లారీకి కాయలు ఎత్తిస్తూ తలనొప్పి అన్నాడట. రెండు వాంతులయ్యాయి, ఎడమ చెయ్యి పట్టు తప్పింది, నోరు వంకర పోయింది. శ్రీకాకుళం చేర్చేసరికి బీపీ 220/120. సీటీ తీస్తే మెదడు లోపల రక్తస్రావం అన్నారు. ఇప్పుడు ఐసీయూ నుంచి వార్డుకి మార్చారు. మాట వస్తోంది, ఎడమ వైపు ఇంకా కదలడం లేదు.

పోయిన ఏడాది మా తాతయ్యకి (అమ్మ వాళ్ల నాన్న, రాజాం, 78) కూడా మెదడులో రక్తస్రావమే. కానీ ఆయన బీపీ మాత్ర ఒక్క పూట కూడా మానని మనిషి. గుండె లయ తప్పుతోందని రక్తం పలచబడే ఎసిట్రోమ్ మాత్ర వాడేవారు. ప్రాణం దక్కింది గానీ చూపు సగం పోయింది, అన్నం పళ్లెంలో కుడి వైపున్న కూర కనిపించదు.

ఇప్పుడు చుట్టాలంతా "మీ వంశంలోనే ఉంది, నీకూ వస్తుంది" అంటున్నారు. నాకు 31. చిన్న వయసులో వచ్చినదానికీ పెద్ద వయసులో వచ్చినదానికీ కారణాలు ఒకటేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

కలింగ_మేస్టారు (విజయనగరం, విశ్రాంత ఉపాధ్యాయుడు)

ముందు ఒక మాట నాయనా. చిన్నాన్న నీకు తండ్రి వైపు, తాతయ్య తల్లి వైపు. వాళ్లిద్దరికీ రక్తసంబంధమే లేదు. ఇంక వంశం ఎక్కడినుంచి వచ్చింది? చుట్టాల మాటలు పక్కన పెట్టు.

ఉద్దానం_కుర్రోడు

మేస్టారూ, ఇది మా ఇంట్లో ఇంతమందిమి ఉండి ఒక్కరికీ తట్టలేదు. అమ్మకి ఫోన్ చేసి చెబుతాను.

బొబ్బిలి_మందులషాపు

చిన్నాన్న బీపీ మందులు వాడేవాడా తమ్ముడూ?

ఉద్దానం_కుర్రోడు

రెండేళ్ల కిందట ఏదో క్యాంపులో బీపీ ఉందన్నారట. నెల రోజులు వేసుకుని మానేశాడని పిన్ని చెప్పింది. "తలనొప్పి లేదు, తల తిరగడం లేదు, ఇంకెందుకు మాత్రలు" అనేవాడట.

బొబ్బిలి_మందులషాపు

అదే. నా కౌంటర్ దగ్గర రోజూ చూసే సంగతి. అరవై దాటినవాళ్లు చీటీ పట్టుకుని ఒకటో తారీకున ఠంచనుగా వస్తారు. ముప్ఫై అయిదు నుంచి యాభై లోపు మగవాళ్లు మాత్రం మొదటి స్ట్రిప్పు కొంటారు, రెండోది అరుదు. మాత్ర వేసుకుంటే ఊళ్లో తనని రోగిష్టి అంటారేమోనన్న బెంగ ఒకటి, అలవాటైపోతుందన్న భయం ఇంకొకటి. వీళ్లే సాయంత్రం ఒళ్లునొప్పులకి డైక్లోఫెనాక్ అడిగి తీసుకెళ్తారు. అది బీపీ పెంచుతుంది, కిడ్నీలకీ చేటు. దానికి తోడు తాగుడు, బీడీ, రోజూ ఎండుచేపల పులుసు. ఉప్పు రోజుకి 5 గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, అంటే చెంచాడు కన్నా తక్కువ. మన ఇళ్లలో ఆవకాయా ఎండుచేపా కలిపితే మధ్యాహ్నానికే ఆ లెక్క దాటిపోతుంది.

సీటీ_గది (శ్రీకాకుళం)

నేను డాక్టర్ని కాదు, స్కానింగ్ టెక్నీషియన్ని. రిపోర్టు రాసేది రేడియాలజిస్టు. కానీ ప్లేట్లు చూసీ చూసీ ఒక తేడా కళ్లకి కట్టేసింది, అది చెబుతాను.

తాజా రక్తం సీటీలో తెల్లగా కనిపిస్తుంది. నలభై, యాభైల్లో బీపీతో వచ్చేవాళ్లకి ఆ తెల్ల మచ్చ చాలాసార్లు మెదడు లోతుల్లో, నడిమి గీతకి కాస్త పక్కగా ఉంటుంది. డెబ్భై అయిదు దాటి, బీపీ పెద్దగా లేకుండా వచ్చే కొందరిలో అది పుర్రెకి దగ్గరగా, మెదడు అంచున ఉంటుంది. ఇంకా చిన్నవాళ్లు, ఇరవైల్లో ఉన్నవాళ్లు వస్తే డాక్టర్లు ప్లెయిన్ సీటీతో ఆగరు. రంగు మందు ఎక్కించి రక్తనాళాలు కూడా తీయమంటారు. ఎందుకో ఎవరైనా వివరంగా చెబితే నేనూ వింటాను.

మీ చిన్నాన్న రిపోర్టులో ఏ చోట అని రాశారో చూడండి.

ఉద్దానం_కుర్రోడు

పిన్ని ఫోటో పంపింది. చిన్నాన్నకి "కుడి బేసల్ గాంగ్లియా" అని ఉంది. తాతయ్య పాత ఫైలు కూడా తీయించాను. అందులో "ఎడమ ఆక్సిపిటల్ లోబ్" అని ఉంది. తర్వాత తీసిన ఎమ్మారైలో "అంచుల్లో అనేక సూక్ష్మ రక్తస్రావాలు" అని రాశారు.

న్యూరో_పీజీ (ఊరు గజపతినగరం, విశాఖలో చదువు)

డ్యూటీ అయ్యాక తీరిగ్గా రాస్తున్నాను, పొడవుగా ఉంటుంది. మీ కేసు చూడకుండా వైద్యం చెప్పను, విషయం మాత్రం చెబుతాను.

స్ట్రోకుల్లో ఎక్కువ భాగం రక్తనాళం మూసుకుపోవడం వల్ల వచ్చేవి. నాళం చిట్లి వచ్చేవి పాశ్చాత్య దేశాల్లో నూటికి సుమారు 15. మన దేశంలో ఆ వాటా అంతకన్నా ఎక్కువ. పైగా మనవాళ్లకి స్ట్రోక్ అక్కడివాళ్ల కన్నా దాదాపు పదేళ్లు ముందే వస్తోంది. నడివయసు దాటాక మెదడులో రక్తస్రావం ముప్పు ప్రతి పదేళ్లకీ ఇంచుమించు రెట్టింపవుతూ పోతుంది. ఇంతవరకూ అందరూ ఊహించేదే. అసలు సంగతి ఏమిటంటే, వయసుతో ముప్పు పెరగడమే కాదు, ముప్పు తెచ్చేవాటి వరుస కూడా మారిపోతుంది.

బేసల్ గాంగ్లియా అంటే సీటీ_గది గారు చెప్పిన ఆ లోతు. అక్కడికి వెళ్లే రక్తనాళాలు చాలా సన్నం, పెద్ద నాళం నుంచి నేరుగా చీలి వస్తాయి. అందుకే పెద్ద నాళంలోని ఒత్తిడి దాదాపు అంతా వాటి మీద పడుతుంది. ఏళ్ల తరబడి బీపీ అదుపులో లేకపోతే వాటి గోడలు పాడై ఒకరోజు చిట్లుతాయి. థాలమస్, చిన్న మెదడు, మెదడు కాండం కూడా ఇదే కోవ. 43 ఏళ్ల మనిషికి 220/120తో అక్కడ రక్తస్రావం అయిందంటే మొదటి అనుమానం బీపీ మీదే. ఆ బీపీ ఆ రోజు పుట్టింది కాదు. గుండె స్కానింగ్‌లో గుండె గోడ మందంగా ఉందా, కంటి వెనక నాళాలు పాడయ్యాయా చూస్తే ఎంత పాతదో కొంత తెలుస్తుంది. అంత చిన్న వయసులో అంత బీపీ ఎందుకుందన్నది తర్వాతి ప్రశ్న. కిడ్నీ పరీక్షలు చేశారా?

తాతయ్య సంగతి వేరు. ఆక్సిపిటల్ లోబ్ అంటే మెదడు వెనక భాగం. మెదడు పైపొర నాళాల గోడల్లో అమిలాయిడ్ అనే ప్రొటీన్ పేరుకుంటుంది. యాభై అయిదు లోపు ఇది అరుదు, డెబ్భైలు, ఎనభైల్లో మామూలు. గోడ పెళుసెక్కి బీపీ మరీ ఎక్కువ లేకపోయినా చిట్లుతుంది, చిట్లేది అంచున. ఎమ్మారైలో అంచుల వెంట చిన్న చిన్న చుక్కలు కనబడటం దానికి గట్టి ఆనవాలు. దాని మీద రక్తం పలచబడే మాత్ర కూడా ఉంటే చిన్న చిట్లు ఆగకుండా పెద్దదవుతుంది. అంచున వచ్చే ఈ రకం మళ్లీ వచ్చే ముప్పు లోతులో వచ్చేదాని కన్నా ఎక్కువ.

కాబట్టి ఇద్దరికీ సీటీలో కనిపించింది రక్తమే, వెనకున్న జబ్బులు రెండు.

ఉద్దానం_కుర్రోడు

డాక్టర్ గారూ, చాలా థ్యాంక్స్. చిన్నాన్నకి కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ 3.8 అన్నారు, ఉండాల్సినదానికన్నా బాగా ఎక్కువట. మాది కిడ్నీ జబ్బులున్న ఉద్దానం కదా, అందరం ఒక్కసారిగా చప్పబడిపోయాం.

పలాస_సిస్టర్ (స్టాఫ్ నర్స్)

తమ్ముడూ, ధైర్యంగా ఉండు. నేను డయాలసిస్ దగ్గర పని చేస్తాను. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు నుంచి మా దగ్గరికి వచ్చేవాళ్లలో నలభైల్లో ఉన్నవాళ్లు చాలామంది.

ఒకటి గమనించాలి. ఉద్దానం కిడ్నీ జబ్బు మొదట్లో బీపీని పెద్దగా పెంచదు. ముదిరాక పెంచుతుంది. అందుకే మనవాళ్లకి "బీపీ లేదు కదా, కిడ్నీ బాగానే ఉంటుంది" అన్న నమ్మకం పనికిరాదు. కిడ్నీ పాడయ్యాక బీపీ ఎక్కడం ఒక దెబ్బ. ఒంట్లో యూరియా పెరిగితే ప్లేట్‌లెట్లు సంఖ్యలో సరిపడా ఉన్నా సరిగా అతుక్కోవు, అది రెండో దెబ్బ. డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ వాడతాం, అదీ కలుస్తుంది. మెదడులో రక్తస్రావం అయినవాళ్లకి హెపారిన్ లేకుండా డయాలసిస్ చేసే పద్ధతి ఉంది. చిన్నాన్నకి అవసరమైతే ఆ మాట ముందే డాక్టర్‌కి గుర్తు చేయండి. మా పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి మొదలయ్యాయి. వార్డు నుంచి పంపాక చూపించుకోవడానికి మీకు దగ్గర.

కలింగ_మేస్టారు

పీజీ గారికి ఒక సందేహం. మా నాన్నగారికి 88. పై బీపీ 170, కిందిది 70. మా చిన్నప్పటి డాక్టర్లు "వయసుకి వంద కలుపుకో, అంతవరకూ పరవాలేదు" అనేవారు. ఆ లెక్కన ఆయనది నార్మలే కదా?

న్యూరో_పీజీ

మేస్టారూ, ఆ లెక్క ఎప్పుడో పోయింది. వయసు మీద పడితే పెద్ద రక్తనాళాలు ఎండకి పాతబడిన రబ్బరు పైపులా బిరుసెక్కుతాయి. అందుకే పై అంకె పెరిగి, కింది అంకె తగ్గి, రెంటి మధ్యా దూరం ఎక్కువవుతుంది. సహజంగా జరుగుతుంది కాబట్టి హాని లేదనుకోవడమే పొరపాటు. 80 దాటినవాళ్లకి మందులిచ్చి 150/80కి తేవాలని చూసిన హైవెట్ అనే పెద్ద పరిశోధన 2008లో వచ్చింది. మందు వాడినవాళ్లలో స్ట్రోక్ మరణాలూ తగ్గాయి, మొత్తం మరణాలూ తగ్గాయి.

అయితే ఆ వయసులో బీపీని ఒక్కసారిగా దించకూడదు. నిలబడగానే తల తిరిగి పడిపోతారు. పడుకున్నప్పుడూ, లేచి నిలబడ్డాకా రెండుసార్లు బీపీ చూసి మోతాదు సరిచేస్తారు.

పడటం గురించి ఇంకో సంగతి. వయసుతో మెదడు కొంచెం కుంచించుకుపోతుంది. పుర్రెకీ మెదడుకీ మధ్య ఉండే సిరలు సాగి ఉంటాయి. స్నానాల గదిలో చిన్నగా జారి తల తగిలినా అవి తెగి మెల్లగా రక్తం కారుతుంది. దీన్ని సబ్‌డ్యూరల్ అంటారు. స్ట్రోక్ లెక్కలోకి రాదు గానీ ఇంట్లోవాళ్లకి అలాగే కనిపిస్తుంది. కొన్ని వారాల తర్వాత మతిమరుపు, మగత, కాలు ఈడ్చడం మొదలవుతాయి. "ముసలితనం" అని వదిలేస్తారు. సీటీ తీస్తే తెలిసిపోతుంది, చాలామందికి చిన్న ఆపరేషన్‌తో నయమవుతుంది.

బొబ్బిలి_మందులషాపు

నాలుక కింద బీపీ గుళిక పిండే అలవాటు గురించి కూడా చెప్పండి సార్. పల్లెల్లో ఆర్‌ఎంపీలు ఇప్పటికీ చేస్తున్నారు.

న్యూరో_పీజీ

వద్దే వద్దు. బీపీ ఎంతకి దిగుతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. రక్తస్రావం అయినవాళ్లకి పై బీపీని 140 దగ్గరికి తేవాలన్నది నిజమే, కానీ అది ఆసుపత్రిలో మందు ఎక్కిస్తూ, చూసుకుంటూ చేసే పని.

పార్వతీపురం_అప్ప

ఇక్కడ అందరూ బీపీ, ముసలితనం అంటున్నారు. మా చెల్లికి 24. బీపీ లేదు, షుగర్ లేదు. కాన్పయిన పదో రోజు తలనొప్పి మొదలైంది. "బాలింత తలనొప్పి, గాలి తగిలింది" అని చెవుల్లో దూది పెట్టి పడుకోబెట్టారు. మూడో రోజుకి ఫిట్స్. మొదట వెళ్లిన ఆసుపత్రిలో నిద్ర లేక వచ్చిందని చెప్పి పంపేశారు. రెండో చోట మెదడులో రక్తస్రావం అన్నారు, మళ్లీ రక్తం పలచబడే ఇంజెక్షనే ఇచ్చారు! మా నాన్న డాక్టర్‌తో గొడవ పడ్డాడు. చెల్లి ఇప్పుడు బాగానే ఉంది గానీ ఆ వైద్యం నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

న్యూరో_పీజీ

అప్పా, ఆ డాక్టర్ చేసింది సరైనదే. మీ చెల్లికి వచ్చింది మెదడు సిరల్లో గడ్డ అయి ఉంటుంది. మెదడు నుంచి రక్తం వెనక్కి తెచ్చే దారి మూసుకుంటే వెనక ఒత్తిడి పెరిగి చిన్న నాళాలు చిట్లుతాయి. సీటీలో రక్తం కనిపిస్తుంది, మూలం మాత్రం గడ్డ. ఆ గడ్డ ఇంకా పెరగకుండా ఆపడానికే హెపారిన్. చూసేవాళ్లకి తలకిందులుగా అనిపిస్తుంది, నిజమే.

కాన్పు తర్వాత కొన్ని వారాలు రక్తానికి గడ్డకట్టే గుణం ఎక్కువ. దానికి మన పథ్యం తోడవుతుంది. బాలింతకి నీళ్లు తాగనివ్వరు, తాగితే పొట్ట జారుతుందంటారు, కారప్పొడీ అన్నమూ పెడతారు. ఒంట్లో నీరు తగ్గితే గడ్డకట్టే ముప్పు ఇంకా పెరుగుతుంది. మన దేశంలో బాలింతలకి ఈ జబ్బు ఎక్కువగా కనిపించడానికి ఇదొక కారణంగా చెబుతారు. బాలింతకి తగ్గని తలనొప్పి, చూపు మసక, ఫిట్స్ ఏది వచ్చినా అది గాలి కాదు. గర్భంలో బీపీ పెరిగి వచ్చే గుర్రపువాతం కూడా మెదడులో రక్తస్రావం తేగలదు, అది కాన్పు తర్వాత కూడా రావచ్చు.

సీటీ_గది గారు అడిగినదానికి జవాబు కూడా ఇక్కడే ఉంది. ఇరవైల్లో, ముప్ఫైల్లో రక్తస్రావం అయితే నాళాల్లో పుట్టుకతో ఉన్న చిక్కుముడి ఉందేమో వెతకాలి, దాన్ని ఏవీఎం అంటారు. సిరలు మూసుకున్నాయేమో చూడాలి. అందుకే రంగు మందు ఎక్కించి తీసేది.

పలాస_సిస్టర్

సీతంపేట వైపు పిల్లల్లో సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే, పుట్టుకతో వచ్చే జబ్బు) కూడా ఉంది కదా సార్.

న్యూరో_పీజీ

మంచి మాట గుర్తుచేశారు. వయసు జబ్బు తీరునే మార్చేస్తుందనడానికి అది చక్కని ఉదాహరణ. సికిల్ సెల్ ఉన్న పిల్లలకి చిన్నప్పుడు వచ్చేది నాళం మూసుకునే స్ట్రోక్. అదే జబ్బుతో ఇరవైల్లోకి వచ్చాక రక్తస్రావం ముప్పు ఎక్కువవుతుంది. 2023 జులైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద గిరిజన ప్రాంతాల్లో రక్త పరీక్షలు చేస్తున్నారు. మన్యం వైపువాళ్లు చేయించుకోవాలి.

భీమిలిరోడ్_వాకర్ (విజయనగరం)

నాకు 67. గుండె జబ్బు లేదు, స్టెంట్ లేదు. వాకింగ్ స్నేహితులంతా రోజూ ఎకోస్ప్రిన్ 75 (ఆస్పిరిన్ మాత్ర) వేసుకుంటారు, నన్నూ మొదలుపెట్టమంటున్నారు. మొదలుపెట్టనా?

న్యూరో_పీజీ

మొదలుపెట్టకండి. గుండె జబ్బు లేని 70 దాటినవాళ్లకి ఆస్పిరిన్ ఇచ్చి చూసిన ఆస్ప్రీ పరిశోధన 2018లో వచ్చింది. లాభం కనబడలేదు, రక్తస్రావాలు పెరిగాయి. గుండెపోటు రాకముందే ముందు జాగ్రత్తగా 60 దాటాక ఆస్పిరిన్ మొదలుపెట్టొద్దని అమెరికా నిపుణుల బృందం 2022లో చెప్పింది. ఇది చదివి స్టెంట్ ఉన్నవాళ్లు, ఇంతకుముందు గుండెపోటో గడ్డ స్ట్రోకో వచ్చినవాళ్లు సొంతంగా మానేయకండి. వాళ్ల లెక్క పూర్తిగా వేరు.

బొబ్బిలి_మందులషాపు

రక్తం పలచబడటానికి ఎసిట్రోమ్, వార్ఫరిన్ వాడే పెద్దవాళ్లకి నాదీ ఒక విన్నపం. రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష ఎగ్గొట్టకండి, చాలామందికి 2 నుంచి 3 మధ్య ఉండాలి. జ్వరానికో పంటి నొప్పికో యాంటీబయోటిక్ కొనేటప్పుడు ఈ మాత్ర వాడుతున్నామని షాపులో చెప్పండి, కొన్ని కలిస్తే ఐఎన్ఆర్ అమాంతం ఎక్కేస్తుంది. మోకాళ్లకి నొప్పి మాత్రలు అసలు వద్దు.

ఉద్దానం_కుర్రోడు

తాతయ్య మోకాళ్లకి వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి ఇంజెక్షన్లు చేయించుకునేవారు అన్నా. ఐఎన్ఆర్ ఆఖరిసారి ఎప్పుడు చూశారో ఫైల్లో ఎక్కడా లేదు.

న్యూరో_పీజీ

గుండె లయ జబ్బుకి ఇప్పుడు అపిక్సబాన్, డాబిగాట్రాన్ లాంటి కొత్త మాత్రలున్నాయి. వార్ఫరిన్‌తో పోలిస్తే వాటితో మెదడులో రక్తస్రావం దాదాపు సగమే. గుండె కవాటం మార్చినవాళ్లకి మాత్రం అవి పనికిరావచ్చు, పనికిరాకపోవచ్చు, ఏ కవాటమన్నదాన్ని బట్టి ఉంటుంది. తాతయ్యకి ఆ చుక్కలున్నాయి కాబట్టి మళ్లీ పలచబడే మందు ఇవ్వాలా వద్దా అన్నది గుండె డాక్టరూ న్యూరాలజిస్టూ కలిసి తేల్చాల్సిన సంగతి.

పార్వతీపురం_అప్ప

మా పక్కింటామెకి 52. కుండ పగిలినంత తలనొప్పి అని అరిచి పడిపోయింది, మూడో రోజు పోయింది. అదీ ఇదేనా?

న్యూరో_పీజీ

ఆ రకం వేరుగా ఉంటుంది. మెదడు అడుగున పెద్ద నాళం మీద బుడగలా ఉబ్బిన చోటు పగలడం. జీవితంలో ఎన్నడూ ఎరగని తలనొప్పి క్షణాల్లో తారస్థాయికి చేరుతుంది. ఎక్కువగా నలభై అయిదు, అరవై అయిదుల మధ్య, మగవాళ్ల కన్నా ఆడవాళ్లలో ఎక్కువ. బీపీ, పొగ ముఖ్య కారణాలు. మన తీరప్రాంతంలో చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్లున్నారు కదా, నోటి క్యాన్సర్ భయమొక్కటే చెప్పి ఊరుకుంటాం. రక్తనాళాల మాట కూడా చెప్పాలి. వంశం లెక్కలోకి వచ్చేది కూడా ముఖ్యంగా ఇక్కడే. తల్లిదండ్రులు, తోబుట్టువుల్లో ఇద్దరికి ఇలా జరిగితే మిగతావాళ్లకి స్కానింగ్ అడగవచ్చు.

ఉద్దానం_కుర్రోడు

నిన్న ఆఫీసు పక్కన మందుల షాపులో నా బీపీ చూపించుకున్నాను, 148/94. టెన్షన్ వల్లేమో తెలీదు.

ఇంకోటి. పావురం నెత్తురు రాస్తే చెయ్యి వస్తుందని మా అత్త పట్టుబడుతోంది. ఎలా ఆపాలి?

పలాస_సిస్టర్

ఆవిడతో గొడవ పడకు తమ్ముడూ. ఫిజియోథెరపిస్టు వచ్చే టైముకి అత్తని మంచం పక్కన కూర్చోబెట్టు. చెయ్యి ఎలా పట్టాలో, వేళ్లు ఎలా చాపాలో ఆవిడకే నేర్పించు. చేతికి పని దొరికితే పావురం సంగతి మర్చిపోతుంది. మా దగ్గర చాలామంది అత్తల మీద పనిచేసింది.

న్యూరో_పీజీ

ఒక్క రీడింగు చూసి బీపీ ఉందనీ అనలేం, లేదనీ అనలేం. వారం రోజులు పొద్దున్న, సాయంత్రం ఇంట్లో చూసి రాసుకోండి. 31 ఏళ్లకి నిజంగానే ఎక్కువుంటే, దానికి కారణం వెతకాల్సిన వయసది. మీది ఉద్దానం కాబట్టి క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ కూడా చేయించండి. చిన్నాన్న పిల్లలకి 18 దాటితే వాళ్లకీ చేయించండి.

కలింగ_మేస్టారు

ఎవరికైనా మూతి వంకర పోయి, చెయ్యి పడిపోతే ఆస్పిరిన్ వేసేయమని వాట్సాప్‌లో వస్తోంది. అది?

సీటీ_గది

మేస్టారూ, గడ్డా రక్తమా అన్నది సీటీ తీసేదాకా పెద్ద డాక్టరు కూడా బయటినుంచి చూసి కచ్చితంగా చెప్పలేరు. నోట్లో ఏమీ వేయకుండా 108కి ఫోన్ చేసి, సీటీ ఉన్న ఆసుపత్రికే బేగి తీసుకురండి. లక్షణం మొదలైన టైము గుర్తుంచుకోండి. గడ్డ అయితే కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి, మా దగ్గరికి వచ్చి అందరూ మొదట తడబడేది ఆ టైము దగ్గరే.

ఉద్దానం_కుర్రోడు

బీపీ మిషన్ ఏది కొనాలి అన్నా?

బొబ్బిలి_మందులషాపు

మణికట్టుకి పెట్టేది వద్దు, భుజం కింద కండకి కట్టేది తీసుకో. పట్టీ సైజు చూసుకో, లావు చేతికి చిన్న పట్టీ కడితే అంకె ఎక్కువ చూపిస్తుంది. టీ తాగిన వెంటనే, మెట్లెక్కిన వెంటనే చూడకు. అయిదు నిమిషాలు కూర్చుని చూడు.

ఉద్దానం_కుర్రోడు

సరే అన్నా. ఆదివారం కవిటి వెళ్తున్నాను, మిషన్ పట్టుకెళ్తాను. పిన్నికి ఇప్పటివరకూ ఎవరూ బీపీ చూడలేదట.